జాడీలో తండ్రి

మా జిల్లాకు సముద్రం పేర్లలోనే ఉంది.
బుక్కరాయసముద్రం అని బోర్డు,
బస్సు దిగి చూస్తే చెరువు.
నిండిన ఏడు మాత్రం
దారిన పోయేవాళ్ళ తలలన్నీ తనవైపు తిప్పుకుంటుంది.

అసలు సముద్రం ముక్క ఒకటి
అనంతపురం కాలేజీలో, జువాలజీ ల్యాబు బీరువాలో,
మూడో అరలో ఫార్మలిన్‌లో నిలబడి ఉంది.
తల గుర్రం, తోక కొక్కెం,
కడుపు ఉబ్బెత్తుగా.
లేబులు మీద ఎవరో ఎప్పుడో రాసిన
'మగ' అనే రెండక్షరాలు
పాలిపోయినాయి గానీ పోలేదు.

ప్రతి ఏడూ ఆ రెండక్షరాల దగ్గరే
వెనక బెంచీల్లో నవ్వు పుడుతుంది.
"మగోడు కడుపుతోనా మేడం?"
నవ్వనిస్తాను. తర్వాత చెబుతాను:
ఆడది గుడ్లు అతని సంచిలో పోసి పోతుంది,
ఆపైన ఉప్పు సరిచూసేది, ఊపిరి అందించేది,
చివరికి నొప్పులు పడి
వందల పిల్లల్ని నీళ్ళలోకి చిమ్మేది
అతనే.

నిన్న ఇంకో మెట్టు దిగినాను.
దీని దాయాది ఉంది, గొట్టపు చేప.
అక్కడ తండ్రి సంచి ఊయలే కాదు, జల్లెడ కూడా.
పెద్ద ఆడదాని గుడ్లయితే ఎక్కువ దక్కుతాయి,
చిన్నదాని గుడ్లు చాలామటుకు నిలవవు.
కొన్ని జాతుల్లో, అని ఒక మాట చేర్చినాను.
సైన్సు చెప్పేవాళ్ళం, ఆ మాట మింగకూడదు.

బల్లలు తుడుస్తున్న వన్నూరప్ప గుడ్డ ఆపినాడు.
పదహారేండ్లుగా ఈ పాఠం వింటూనే తుడిచినవాడు.
"నిలవనివి యాడికి పోతాయి మేడం?"

తండ్రి ఒంట్లోకే, అన్నాను.
కరిగి, కొంత అతని నెత్తురులో కలుస్తాయి.

చెప్తూ చెప్తూనే మా నాయన గుర్తొచ్చినాడు.
విత్తనం రోజులు. పంచె ఒళ్ళో ఒలిచిన బుడ్డలు.
గట్టి గింజ చేటలోకి,
ముడుచుకున్న గింజ నోట్లోకి.
నములుతూ ఏరేవాడు, ఏరుతూ నమిలేవాడు.
ఆ గింజల రుచేమిటో నేనెప్పుడూ అడగలేదు.

బెల్లు కొట్టి పిల్లలు పోయినాక
వన్నూరప్ప జాడీ వైపే చూస్తా చెప్పినాడు:

"మాకు జత పుట్నారు మేడం, ఏడో నెల్లో.
పెద్దాసుపత్రిలో ఆ రాత్రి అద్దాల పెట్టె ఒకటే ఖాళీ.
వాళ్ళమ్మకు తెలివి లేదు.
నర్సమ్మ నన్నడిగింది, ఎవర్ని పెట్టాల అని.
పెద్దదాన్ని అన్నా. నేనే అన్నా.
బరువు సూసి అన్నా, ఇంగేం సూసీ కాదు.
చిన్నదాన్ని, సొక్కా ఇప్పి, ఎదకానించుకోని కూసున్యా.
దాని ఏళ్ళు నా మెళ్ళో తాయెత్తు దారానికి సుట్టుకున్యాయి.
తెల్లారేసరికి సల్లగయింది.
ఎప్పుడయిందో తెల్దు మేడం.
నా ఎచ్చనే దాని ఎచ్చనుకున్యా."

'వరణం' అని పుస్తకంలో ఒక మాట ఉంది.
ఇన్నేండ్లు ఎంత నున్నగా పలికినాను దాన్ని.
చేపకు తెలియదు వన్నూరప్పా, అది ఎంచుకోదు,
అని నోటిదాకా వచ్చింది.
వచ్చి, అక్కడే నిలిచింది.

గేటు దగ్గర సైకిలు బెల్లు.
పెద్దది, సుంకులమ్మ, తొమ్మిదో తరగతి.
నాయన కోసం రోజూ వస్తుంది, లోపలికి మాత్రం రాదు,
ఫార్మలిన్ వాసనకు ముక్కు మూసుకుంటుంది.
"వస్తాండా" అని కిటికీలోంచి కేకేసినాడు.
గుడ్డ పిండినాడు. మూత బిగించినాడు.
జాడీని అరలో పెట్టేముందు
అరచెయ్యి గాజుకు ఆనించి కాసేపు ఉంచినాడు,
నీళ్ళు కాగినాయో లేదో చూసేవాడిలా.

"లేబులు కొత్తది రాయాల మేడం,
అక్షరాలు పోతాండాయి."

పెన్ను తీసినాను.
'మగ' అని రాసినాను.
పక్కన ఇంకా జాగా ఉంది.
అతను మెట్లు దిగిన చప్పుడు, సైకిలు స్టాండు తీసిన చప్పుడు.
ఇంకు ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాను.